రికమండేషన్ అనే మాట

పదకొండు దాటింది. అత్తమ్మ మాత్ర వేసుకుని పడుకున్నారు. చిన్నోడి దగ్గు తగ్గింది. అయినా నాకు నిద్ర రావట్లేదు. మధ్యాహ్నం నుంచి ఒకటే మాట చెవిలో తిరుగుతోంది.

నిన్న ల్యాబ్‌కి వెళ్తూ పరీక్ష ఫీజు గడువు ఎప్పుడో చూద్దామని వరండాలో నోటీసు బోర్డు దగ్గర ఆగాను. ఆ సర్క్యులర్ కింద ఇంకో కాగితం కొస కనిపించింది. అటెండర్‌ని పిలిచి అద్దం తాళం తీయించి చూస్తే, సైన్స్ అకాడమీలు మూడూ కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్ ప్రకటన. ఎమ్మెస్సీ మొదటి ఏడాది పిల్లలు రెండు నెలలు ఏదైనా మంచి ల్యాబ్‌లో, ఒక శాస్త్రవేత్త దగ్గర పని నేర్చుకుని రావచ్చు. స్టైపెండ్ ఇస్తారు. దరఖాస్తు గడువు ముగిసి నాలుగు రోజులైంది.

ఒళ్లు మండిపోయింది. రెండు కాగితాలకీ కలిపి ఒకటే గుండుసూది గుచ్చి ఉంది. అటెండర్ మీద అరిచాను. "పెట్టమన్నరు, పెట్టిన మేడం. జాగ లేదు" అన్నాడు. నిజమే, బోర్డు నిండా ఫీజులు, ఫైన్లు, హాజరు తక్కువున్న వాళ్ల పేర్లే. పిల్లలు ఆ బోర్డు దగ్గరికి భయంతో వస్తారు తప్ప ఆశతో రారు. ఆశ పుట్టించే కాగితం ఏడాదికి ఒకటో రెండో వస్తుంది, దాన్నీ ఫీజు కిందే కప్పేశాం. దారంతా ఇదే గొణుక్కుంటూ ఇంటికొచ్చాను. అన్నం దగ్గర ఆయనకూ చెప్పాను, రెండుసార్లు.

రాత్రి ఫోన్ చూస్తే అదే ప్రకటన మూడు వారాల కిందటే మా స్టాఫ్ గ్రూపులో వచ్చి ఉంది. నేను తెరిచాను కూడా. క్లాసులో చెప్పాలనుకున్నాను, ఇంటర్నల్స్ పేపర్లు దిద్దే హడావిడిలో మర్చిపోయాను. అంత అరిచింది ఎవరి మీద? పొద్దున వెళ్లగానే అటెండర్‌కి సారీ చెప్పాను. క్లాసులో కూడా "తప్పు నాదే" అని చెప్పేశాను.

క్లాసయ్యాక మా నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ వైపు నుంచి వచ్చే అమ్మాయి ఆగింది. ఇదివరకు రాశాను కదా, పత్తి ఏరే రోజుల్లో వారానికి రెండు రోజులు రాని అమ్మాయి, వచ్చిన రోజు మాత్రం బ్యూరెట్ రీడింగ్ మూడుసార్లు చూసుకునే అమ్మాయి.

"నేను చూసిన మేడం. మా సీనియరక్క పంపింది."

"మరి అప్లై చేయలేదేం?"

"రికమండేషన్ లెటర్ కావాల్నని ఉండె మేడం. మాకెవరు తెలుసు?"

ఒక క్షణం నాకేం అర్థం కాలేదు. అర్థమయ్యాక మాట రాలేదు. మన దగ్గర రికమండేషన్ అంటే ఒకటే అర్థం. ఎమ్మెల్యే దగ్గర తిరిగే మనిషి తెలిసుండాలి, ఆఫీసులో మేనమామ ఉండాలి, లేదా డబ్బు ఉండాలి. వాళ్ల నాన్న పెన్షన్ కాగితానికి ఎన్నిసార్లు తిరిగాడో ఆ పిల్ల కళ్లారా చూసింది. ఆ మాట కనిపించగానే ఇది మన కోసం కాదని ఫోన్ పక్కన పెట్టేసింది. అక్కడ అడిగింది పాఠం చెప్పిన టీచర్ రాసే ఉత్తరం. ఆ టీచర్ ఎదురుగా నిలబడే "మాకెవరు తెలుసు" అంటోంది.

నేనూ అలాగే అనుకునేదాన్నేమో. కానీ నన్ను అడగకుండానే మా సారు రాసేశారు.

మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు యూనివర్సిటీలు వచ్చింది 2007, 2008లో. అంతకుముందైతే నాన్న నన్ను హైదరాబాద్ హాస్టల్‌కి పంపేవాడు కాదు, నా చదువు డిగ్రీతో ఆగిపోయేది. ప్రాజెక్టుకి తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ తీసుకున్నాను. ఆదివారం బస్సెక్కి మర్రిగూడ వైపు వెళ్లి, కడిగిన సోడా సీసాల్లో తొమ్మిది బోర్ల నీళ్లు పట్టుకొచ్చాను. సంచీ తాడు భుజం కోసుకుపోయింది. సోమవారం సారు చూసి "గాజు సీసాలా?" అన్నారు. ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది, రీడింగ్ తప్పొస్తుంది, ప్లాస్టిక్ సీసాలే వాడాలి. పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను కూడా. నీళ్లన్నీ సింకులో పోసి ఏడ్చాను. సారు తిట్టలేదు. వచ్చే ఆదివారం ప్లాస్టిక్ సీసాలతో మళ్లీ వెళ్లమన్నారు.

రెండోసారి వెళ్లినప్పుడు ఒక ముసలమ్మ, నడుం వంగిపోయి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నడుస్తోంది, బోరు కొట్టి నా సీసాలు నింపింది. "ఈ నీళ్లు దీస్కపోయి ఏం జేస్తవ్ బిడ్డా, మేం తాగంగ లేంది?" అంది. ఇప్పుడు ఆ ఊళ్లకు కృష్ణా నీళ్లు వస్తున్నాయి. వంగిన ఎముకలు మాత్రం నీళ్లు మారితే నిటారు కావు.

మా దగ్గర ఫ్లోరైడ్ కొలిచే అయాన్ మీటర్ లేదు. సారు ఉత్తరం రాసిచ్చి హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌కి పంపారు. నీళ్లలోని అల్యూమినియం, ఇనుము ఫ్లోరైడ్‌ని పట్టి ఉంచుతాయి కాబట్టి టిసాబ్ అనే బఫర్ ద్రావణం సగానికి సగం కలిపి దాన్ని విడిపించాలి, తర్వాతే ఎలక్ట్రోడ్ ముంచాలి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ముసలమ్మ బోరు నీళ్లు 4 దాటాయి. అక్కడి శాస్త్రవేత్త ఏ ఊరని అడిగారు. నల్లగొండ అన్నాను, కాస్త సిగ్గుగానే. "నల్గొండ టెక్నిక్ నల్గొండా?" అన్నారాయన. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే ఆ పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేస్తే, పేరు మాత్రం మన ఊరిది పెట్టారు. మన ఊరి పేరు పుస్తకాల్లో ఉందని నాకు ఆయన చెప్పేదాకా తెలియదు.

ఇంతవరకు రాస్తూ, చిన్న యూనివర్సిటీ కాబట్టే నాకది దక్కిందని రాయబోయాను. మేం పద్దెనిమిది మందిమే. ఎవరి చేయి వణుకుతుందో, ఎవరు రీడింగ్ దొంగతనంగా రాస్తారో సారుకు తెలుసు. పెద్ద చోట నా ముఖం ఎవరికి గుర్తుంటుంది?

కానీ ఆ మాట ఇప్పుడు నాకే నచ్చట్లేదు. మంచి సారు దొరికితేనే పిల్లకు దారి దొరకాలా? నాకు దొరికారు. ఈ అమ్మాయికి దొరికింది నేను, నేను మర్చిపోయాను. ఉచిత బస్సు వచ్చాక, జీరో టికెట్ పట్టుకుని ఊళ్ల నుంచి ఎంతమంది ఆడపిల్లలు వస్తున్నారో. గేటు దాకా బస్సు తెస్తుంది. ఆ పైన ఎవరి జ్ఞాపకశక్తి మీదా ఆధారపడకుండా ఉండాలంటే, ఏ ఫెలోషిప్ ఏ నెలలో వస్తుందో, ఏ మాటకు అర్థమేంటో మొదటి వారంలోనే కూర్చోబెట్టి చెప్పాలి.

అన్నట్టు ఒక సంతోషం, మర్చిపోకముందే. మన బ్యాచ్ అబ్బాయి, పరిశోధనకిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వచ్చినవాడు, హైదరాబాద్ ల్యాబ్‌లో చేరాడు. నెలకు 37,000. ఫోన్లో గొంతు వణికింది వాడికి.

వచ్చే ఏడాదికి ఈ అమ్మాయి రెండో ఏడాదిలో ఉంటుంది. ఆ ఫెలోషిప్ పోయినట్టే, దాన్ని నేను తిరిగి తేలేను. ప్రాజెక్టు మాత్రం ఇప్పుడే మొదలుపెట్టించవచ్చు. ఇది రాస్తూ మధ్యలో ఆపి మెసేజ్ పెట్టాను. "సోమవారం మీ ఊరి బోరు నీళ్లు తీసుకురా. ప్లాస్టిక్ సీసాల్లోనే. ఉత్తరం ఎప్పుడు కావాలన్నా నేనే రాస్తాను."

మేలుకునే ఉన్నట్టుంది. వెంటనే జవాబొచ్చింది.

"ఎన్ని సీసాలు మేడం?"