మడమ వెనక మందం

మూడో సంవత్సరం మెడిసిన్ పోస్టింగ్‌లో సార్ ఒక పేషెంట్ మడమ పట్టుకు చూడమన్నారు. పిక్కని మడమకి కలిపే అకిలిస్ టెండన్ సన్నటి తాడులా తగలాల్సింది, బొటనవేలంత లావుగా, గడ్డలుగడ్డలుగా ఉంది. "గ్జాంథోమా. కొలెస్ట్రాల్ పేరుకుంది" అన్నారు. ఒకరి తర్వాత ఒకరం నొక్కి చూశాం. ఆ రాత్రి హాస్టల్లో సాక్సు విప్పుతుంటే చెయ్యి నా మడమ దగ్గర ఆగిపోయింది. రెండు కాళ్లకూ అదే. బూటు ఒరుసుకుని కాయ కాసిందనుకుంటూ రెండేళ్లుగా తిరుగుతున్నాను.

లిపిడ్ ప్రొఫైల్ చేయించాను. ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 246. అది 190 దాటితే వంశపారంపర్యమేమోనని అనుమానించాలని నెల ముందే పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి! నాన్నకి 41 ఏళ్లకే గుండెపోటు వచ్చిందనీ తెలుసు. ఆ రెంటినీ ఏనాడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. 1948లో అమెరికాలో గుండెజబ్బుల మీద మొదలైన ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం తేల్చిన రిస్కు ఫ్యాక్టర్లన్నీ వైవాలో గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి, బయటికొచ్చి సిగరెట్ వెలిగించిన రోజులున్నాయి. సన్నగా ఉంటాను కదా, గుండెజబ్బు లావుగా ఉన్నవాళ్లదని ధీమా.

కార్డియాలజీ మేడమ్ ఈసీజీ, ఎకో చూసి ప్రస్తుతానికి బాగానే ఉన్నాయన్నారు. రోజూ పరిగెత్తి, తిండి మార్చి, మూడు నెలల్లో దించేస్తానన్నాను. ఆవిడ నవ్వలేదు. "నీ లివర్‌లో ఎల్‌డీఎల్‌ని పట్టుకునే రిసెప్టర్లే సగం పనిచెయ్యవు. పుట్టినప్పటినుంచీ ఇంతే. పరుగు మంచిదే, కానీ మాత్ర మానకు. సిగరెట్ ఇవాళే మానెయ్."

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర మొదలుపెట్టిన మూడు నెలలకి ఎల్‌డీఎల్ 124కి దిగింది, ఎజెటిమైబ్ అనే ఇంకో మాత్ర కలిపాక 97కి. మాత్రలు మింగడం ఏముంది, సిగరెట్ మానడమే నరకం. అర్ధరాత్రి చదువుల్లో చెయ్యి దానంతటదే జేబులోకి పోయేది. రెండుసార్లు తప్పాను. మూడోసారి నిలబడ్డాను, ఇప్పటికి పదకొండు నెలలు. నిద్ర మాత్రం ఇంకా దారికి రాలేదు. మడమ కూడా అలాగే ఉంది, రోజూ తడిమి చూసుకోవడం అలవాటైపోయింది.

అమ్మానాన్నల్లో ఒకరికి ఈ వంశపారంపర్య కొలెస్ట్రాల్ జబ్బుంటే పిల్లల్లో ప్రతి ఒక్కరికీ వచ్చే అవకాశం సగానికి సగం. చెల్లికి పద్నాలుగేళ్లు, సూదంటే భయం. ఇంట్లో ఈ మాట ఎత్తడానికే నాకు వారం పట్టింది. టెస్టు అయ్యాక రిపోర్టు ఫోటో అదే పంపింది. ఎల్‌డీఎల్ 231. కింద ఒక్క ప్రశ్న: "అన్నయ్యా, మాత్ర పెద్దగా ఉంటుందా?"