క్యాష్ వ్యాన్ ఉద్యోగానికి లై డిటెక్టర్ పరీక్ష: నా అనుభవం

విజయవాడలో ఏటీఎంలకు నగదు చేర్చే ఒక సంస్థలో కస్టోడియన్ (నగదు బాధ్యత చూసే ఉద్యోగి) పోస్టుకి ఇంటర్వ్యూ, పోలీస్ వెరిఫికేషన్ అయ్యాక ఆఖరి మెట్టుగా పాలిగ్రాఫ్, అంటే లై డిటెక్టర్ పరీక్ష పెట్టారు. బందరు రోడ్డులో ఒక ఏసీ గది, ల్యాప్‌టాప్, చేతులున్న కుర్చీ, ఎగ్జామినర్. అంతే. రెండు గంటలు దాటిన ఆ పరీక్షలో ఒంటికి తీగలు ఉన్నది కొద్దిసేపే, మిగతాదంతా మాటలు. ఉద్యోగం దక్కేదీ పోయేదీ ఎక్కువగా ఆ మాటల దగ్గరే.

ముందు సమ్మతి పత్రం ఇస్తారు. చదవకుండా సంతకం పెట్టొద్దు. వీడియో తీస్తారా, రిపోర్టు ఎవరికి వెళ్తుంది, ఎన్నాళ్ళు దాస్తారు, మీరు నోటితో చెప్పినవి కూడా కంపెనీకి ఇస్తారా అన్నవి అందులో ఉండాలి. లేకపోతే అడిగి రాయించుకోండి. సమ్మతి లేకుండా పాలిగ్రాఫ్ చేయకూడదని సుప్రీంకోర్టు సెల్వి కేసులో 2010 మే 5న చెప్పింది. కానీ అది నేర విచారణ గురించిన తీర్పు. ప్రైవేటు ఉద్యోగాల్లో ఈ పరీక్షను అదుపు చేసే ప్రత్యేక చట్టం మనకు లేదు, కాబట్టి ఆ కాగితమే మీకున్న ఆధారం. అమెరికాలో 1988 నాటి చట్టం ప్రైవేటు కంపెనీలను చాలావరకు ఈ పరీక్ష పెట్టనివ్వదు. తమాషా ఏమిటంటే అక్కడ కూడా నగదు వ్యాన్ల సెక్యూరిటీ సంస్థలకూ మందుల కంపెనీలకూ మినహాయింపు ఉంది.

ఆ తర్వాత ఆరోగ్యం సంగతులు. బీపీ మాత్రలు, ఆస్తమా, జలుబు, జబ్బకు దెబ్బ, రాత్రి నిద్ర లేకపోవడం, ఏదున్నా అప్పుడే చెప్పాలి. దగ్గు ఉంటే మీ ఊపిరిని బట్టి మిషన్ గీసే గీత పనికిరాదు, వాయిదా అడగడమే మేలు. మన ఎండలో బండి మీద వచ్చి నేరుగా కుర్చీలో కూర్చుంటే చెమట గీత నిలకడగా రాదు. అరగంట ముందే వెళ్ళి ఏసీలో చల్లబడండి. చేతులకు క్రీము రాయకండి.

అసలు పరీక్షకు ముందు మాట్లాడే ఘట్టం గంట దాకా సాగుతుంది. అడగబోయే ప్రశ్నలన్నీ ఇక్కడే చదివి వినిపించాలి, పరీక్షలో కొత్త ప్రశ్న రాకూడదు. ఎగ్జామినర్ ఇంగ్లిష్‌లో మొదలుపెడితే ‘సార్, తెలుగులో అడగండి’ అనండి. ‘మీరు డబ్బు తీసుకోలేదు కదా?’ లాంటి ప్రశ్నలు ఒప్పుకోకండి. దానికి అవునన్నా కాదన్నా ఇబ్బందే. ‘తీసుకున్నారా?’ అని సూటిగా ఉండాలి. హద్దు కూడా తేల్చుకోవాలి. పాత కంపెనీ పెన్నులు ఇంటికి తెచ్చుకోవడం దొంగతనంలోకి వస్తుందా, ఎంత మొత్తం దాటితే లెక్క, ఎన్నేళ్ళ వెనక్కి? ఇవి తేలకపోతే ప్రశ్న విన్నప్పుడల్లా మనసు తడుముకుంటుంది, గీత లేస్తుంది.

ప్రశ్నలు మూడు రకాలు. ‘ఇవాళ బుధవారమా?’ లాంటివి ఊరికే వేసేవి. ‘ఉద్యోగంలో నగదు దొంగిలించారా?’ అన్నది అసలుది. ‘మిమ్మల్ని నమ్మినవాళ్ళకు ఎప్పుడైనా అబద్ధం చెప్పారా?’ అన్నది పోల్చి చూడటానికి. నిజాయితీపరుడు ఈ మూడోదానికి ఎక్కువ కంగారుపడతాడని, దొంగ రెండోదానికి పడతాడని లెక్క. నాకైతే ఈ పద్ధతి బలహీనత ఇక్కడే కనిపిస్తుంది. ఉద్యోగం రెండోదాని మీదే ఆధారపడి ఉందని అందరికీ తెలుసు, తప్పు చేయనివాడి గుండే ముందు దడదడలాడుతుంది.

తీగల సంగతికొస్తే, ఛాతీకి ఒకటి, పొట్టకు ఒకటి ఊపిరిని కొలిచే గొట్టాలు. ఒక చేతి రెండు వేళ్ళకు చెమటను బట్టి మారే విద్యుత్ వాహకతను చూసే పలకలు. రెండో చేతి జబ్బకు బీపీ కఫ్. కింద కదలికల్ని పట్టే పలచటి మెత్త. 1921లో బర్క్‌లీ పోలీసు శాఖలో జాన్ లార్సన్ రక్తపోటునీ ఊపిరినీ ఒకే కాగితం మీద గీయించాడు. చెమట తర్వాత చేరింది. ల్యాప్‌టాప్ వచ్చినా కొలిచేవి దాదాపు అవే. వీటిలో ఏదీ అబద్ధాన్ని కొలవదు, ఒంట్లో పుట్టిన అలజడినే కొలుస్తుంది.

మొదట ఒక అంకె కాగితం మీద రాయించి, ఏ అంకె అడిగినా ‘కాదు’ అనమంటారు. మీరు రాసింది ఇదీ అని గీత చూపిస్తారు. మిషన్‌ని సరిచూసుకోవడం ఒక పని, మిమ్మల్ని దడిపించడం రెండోది. తర్వాత అసలు ఛార్టులు, అంటే ప్రశ్నలన్నీ ఒక విడత అడిగి గీతలు తీయడం, మామూలుగా మూడు. ఒక్కోటి ఐదు నిమిషాలు, ప్రశ్నకీ ప్రశ్నకీ మధ్య 20–25 సెకన్లు, అవే ప్రశ్నలు వరస మార్చి. కఫ్ డాక్టర్ దగ్గరంత గట్టిగా పట్టదు కానీ ఛార్టు అయ్యేదాకా వదలదు, చెయ్యి తిమ్మిరెక్కుతుంది. మధ్యలో గాలి తీసేశాక చెయ్యి ఆడించుకోండి, తొందరపెడితే ఆగమనండి. బయట లారీ హారన్ కొట్టినా గీత ఎగురుతుంది. ఎగ్జామినర్ అక్కడ గుర్తు పెట్టాలి, పెట్టకపోతే అది మీ లెక్కలో పడుతుంది. కరెంటు పోయి ఏసీ ఆగితే ఆ ఛార్టు మళ్ళీ తీయమనండి.

నాలుక కొరుక్కోవడం, బూటులో మేకు, ఊపిరి బిగబట్టడం లాంటి చిట్కాలు చెప్పేవాళ్ళుంటారు. మెత్త మీద కదలిక కనబడితే ‘సహకరించలేదు’ అని రాస్తారు, అది తప్పినట్టే.

తీగలు తీశాక అసలు ప్రమాదం. ‘ఈ ప్రశ్న దగ్గర కొంచెం లేచింది, ఏమైనా గుర్తొచ్చిందా?’ అని మెత్తగా అడుగుతారు. లేవకపోయినా అడగొచ్చు. ఇక్కడ సంజాయిషీ మొదలుపెట్టినవాడు పాత కంపెనీలో డీజిల్ బిల్లు పెంచి రాసిన సంగతి దాకా వెళ్తాడు. గీతలు ఏం చెప్పినా ఆ మాట రిపోర్టులో ఎక్కుతుంది. చెప్పాల్సిందేదైనా మొదటి ఘట్టంలోనే చెప్పేయాలి. ఇక్కడ ‘ముందు చెప్పిందే సార్, ఇంకేం లేదు’ అని ఆపాలి.

అసలు ప్రశ్ననీ పోల్చే ప్రశ్ననీ జోడీగా చూసి, మార్కులు ఒక్కో జోడీకి +3 నుంచి -3 దాకా వేసి కలుపుతారు. మధ్యలో పడితే ‘తేలలేదు’ అని రాస్తారు. కంపెనీ దాన్ని తప్పినట్టు లెక్కేస్తుందా, ఇంకో ఎగ్జామినర్‌తో మళ్ళీ చేయిస్తుందా అన్నది హెచ్‌ఆర్‌ని ముందే అడగండి. అమెరికా జాతీయ పరిశోధనా మండలి 2003లో ఒక లెక్క కట్టింది. పదివేల మంది ఉద్యోగుల్లో పదిమంది గూఢచారులున్నారనుకుంటే, వాళ్ళలో ఎనిమిదిమందిని పట్టాలంటే దాదాపు 1,600 మంది అమాయకులు కూడా తప్పుతారు. మరోవైపు సోవియట్ యూనియన్‌కూ ఆ తర్వాత రష్యాకూ రహస్యాలమ్మిన సీఐఏ అధికారి ఆల్డ్రిచ్ ఏమ్స్ 1986లోనూ 1991లోనూ ఇదే పరీక్ష దాటేశాడు.

ఒంటికి ఏమీ తగిలించకుండా ఫోన్‌లో గొంతు విని అబద్ధం పడతామనే సాఫ్ట్‌వేర్లు ఇంకో రకం. పరీక్షించి చూస్తే బొమ్మా బొరుసూ వేసినదానికన్నా మెరుగని తేలలేదు. ఇక పాలిగ్రాఫ్ ఫీజు అభ్యర్థే ముందుగా కట్టాలని ఎవరైనా అంటే ఆ ఆఫీసు మెట్లు దిగి వచ్చేయండి. ఫీజు కంపెనీయే భరించాలి.