కత్తెరలో కనిపించిన కోణం

మా పాప ఆరో తరగతి. నిన్న రాత్రి నోట్సులో రెండు కోణాలు గీసి, "నాన్నా, గీతలు పొడుగ్గా ఉన్నదే పెద్ద కోణం కదా?" అంది. రెండూ 40 డిగ్రీలే. కోణమానిని పెట్టి చూపించినా నమ్మలేదు. చిన్నప్పుడు నేనూ అచ్చం ఇలాగే అనుకునేవాణ్ణి. అడగాలంటే భయమేసి, పేర్లు బట్టీపట్టి నెట్టుకొచ్చాను.

అందుకే కుట్టుమిషన్ దగ్గరున్న పెద్ద కత్తెర, తన బాక్సులోని బుల్లి కత్తెర పక్కపక్కన పెట్టి, రెండూ ఒకేలా తెరిచాం. ఎంత తెరుచుకుంటే అంత కోణం, పొడుగుతో పనిలేదు. కాసేపు మూస్తూ తెరుస్తూ చూసి, "పిడి వైపు కూడా అంతే తెరుచుకుంటోంది!" అని అరిచింది. రెండు గీతలు ఖండించుకున్నచోట ఎదురెదురుగా వచ్చే కోణాలు, అంటే శీర్షాభిముఖ కోణాలు, సమానమని నేను చెప్పకముందే తనకు కనిపించేసింది! ఎంత సంతోషమేసిందో. వెంటనే ఖండించుకునే రెండు గీతలు గీసి లెక్కేశాం. సరళరేఖ మీద మొత్తం 180 కాబట్టి, ఒకటి 40 అయితే పక్కది 140, దాని పక్కది మళ్లీ 40.

పొద్దున లేచేసరికి తలుపు సగం తెరిచి, కింద కోణమానిని పెట్టి కొలుస్తోంది.