పుల్ లిస్ట్ డైరీ: కొత్తది రావాలంటే పాతది పోవాలి

పుల్ లిస్ట్ అంటే క్రమం తప్పకుండా కొనే కామిక్స్ జాబితా. అమెరికన్ కామిక్స్ కొత్త సంచికలు బుధవారం వస్తాయి. కరోనా రోజుల్లో, 2020లో, డీసీ అనే ప్రచురణ సంస్థ తన పుస్తకాలను మంగళవారానికి మార్చుకుంది గానీ 2024 జులైలో మళ్లీ బుధవారానికే వచ్చేసింది. నాకు అదే హాయి, ఒక్కరోజు చూసుకుంటే చాలు. సంచికలో కథ ఇరవై, ఇరవై రెండు పేజీలు. ధర ఎక్కువగా 3.99 లేదా 4.99 డాలర్లు. కాఫీ చల్లారేలోపు అయిపోయే చదువుకి అంత పెట్టాలంటే ఏది కొనాలో కాస్త గట్టిగానే ఆలోచించాలి.

నా పరిమితి నెలకి పన్నెండు సంచికలు. వారానికి ఇన్ని అని ఎందుకు పెట్టుకోలేదంటే, చాలా సిరీస్‌లు నెలకొకసారి వస్తాయి, కానీ నాలుగు వారాలకీ సమానంగా పంచుకుని రావు. ఒక బుధవారం నాకు కావలసినవి ఆరు వచ్చి పడతాయి, తర్వాతి బుధవారం ఒక్కటే. వారానికి మూడు అని లెక్క పెట్టుకుంటే మొదటి వారం మంచివి వదిలేసి, రెండో వారం కోటా నింపడానికి ఏదో ఒకటి కొంటాం. నెల లెక్కలో ఆ గొడవ లేదు. లిస్ట్ మొత్తం లీగ్ ఆఫ్ కామిక్ గీక్స్ యాప్‌లో ఉంచుతాను. వారం వారం ఏమేం వస్తున్నాయో అందులోనే కనిపిస్తాయి.

మొదటి వారం

బరువైన వారం. చదివే వరుస గురించి ఒక్క మాట. అందరూ ఇష్టమైనది ముందు చదువుతారు. నేను ఉంచాలా తీసేయాలా అని ఊగిసలాడుతున్నదాన్ని ముందు చదువుతాను. బుర్ర తాజాగా ఉన్నప్పుడు కూడా అది పట్టుకోలేకపోతే ఇక దానికి సాకులు వెతకనక్కర్లేదు. ఈసారి అలా ఒక సూపర్‌హీరో పుస్తకం సగంలోనే తేలిపోయింది. కథ బాగానే ఉంది గానీ, ప్రతి రెండో పేజీలో వేరే సిరీస్‌లో జరిగినదాన్ని గుర్తుచేసే నోట్. అది చదవాలంటే ఇంకో రెండు కొనాలట. తీసేశాను. ఒక ఖాళీ.

రెండో వారం

ఆ ఖాళీ కోసం రెండు కొత్త ‘నంబర్ వన్’లు, అంటే కొత్త సిరీస్‌ల మొదటి సంచికలు, పోటీ పడ్డాయి. మొదటి సంచికను బట్టి సిరీస్‌ని అంచనా వేయడం కష్టం. డబ్బూ శ్రమా అంతా అందులోనే పోస్తారు కదా. అందుకని నేను చూసేది మూడో సంచిక ప్రకటన. ప్రచురణకర్తలు రాబోయే సంచికల వివరాలు సుమారు మూడు నెలల ముందే ఇస్తారు కాబట్టి, మొదటి సంచిక చేతికొచ్చేసరికి మూడోదాని వివరాలు బయట ఉంటాయి. అందులో చిత్రకారుడి పేరు అదేనా, మారిందా? రోజుకి ఒక పేజీ గీయడమే గట్టి పని, అలాంటిది నెలకి ఇరవై పేజీలు ఏడాది పొడవునా ఒక్క మనిషి గీయడం చాలామందికి సాధ్యం కాదు. నాలుగైదు సంచికల తర్వాత మారితే సరే, అర్థం చేసుకోవచ్చు. రెండో సంచికకే మారితే మాత్రం నాకు అనుమానం. ఆ పేరు పక్కనే ఇంకోటి కూడా చూస్తాను: ‘ఐదింటిలో మూడోది’ అని ఉందా, లేక ముగింపు లేకుండా నడిచేదా అని. ఐదు సంచికల్లో ముగిసే కథకి నా దగ్గర ఎప్పుడూ ఎక్కువ మార్కులే.

పోటీలో ఉన్న ఒకదానికి రెండో సంచికకే కొత్త చిత్రకారుడు. రెండోది ఐదు సంచికల కథ, మొదటి నుంచి చివరిదాకా ఒకే రచయిత, చిత్రకారుడి జంట. ఎంచుకోవడానికి అర నిమిషం పట్టలేదు.

‘అమ్ముడైపోయింది, రెండో ముద్రణ వస్తోంది’ అనే వార్తలను నేను లెక్కలోకి తీసుకోను. వేరియంట్ కవర్లలో (అదే సంచికకి వేరే బొమ్మతో వేసే కవర్లు) కొన్ని, దుకాణం ఇరవై ఐదు కాపీలు తెప్పిస్తే ఒకటి చొప్పున ఇస్తారు. ఆ ఒక్కదాని కోసం మొదటి సంచిక ఆర్డర్లు ఉబ్బుతాయి. ఆ కాపీలు ఎంతమంది చదివారో ఆ సంఖ్య చెప్పదు.

మూడో వారం

ఈ వారం అసలు పని, నెలనెలా కొంటున్నవాటిని జల్లెడ పట్టడం. బాగుందా లేదా అన్న ప్రశ్న ఈమధ్య మానేశాను. బాగున్నవి పన్నెండు కంటే ఎక్కువే ఉంటాయి. ఇప్పుడు అడుగుతున్నది: దీన్ని మూడు నెలల తర్వాత చదివితే ఏం పోతుంది? మార్వెల్ పుస్తకాలు చాలావరకు మూడు నెలలకి మార్వెల్ అన్‌లిమిటెడ్ అనే వాళ్ల చందా యాప్‌లోకి వచ్చేస్తాయి. ఆ చందా ఎలాగూ కడుతున్నాను. కాబట్టి రెండు మార్వెల్ సిరీస్‌లను పుల్ లిస్ట్ నుంచి ఆ వరుసలోకి మార్చాను. ఇష్టం తగ్గి కాదు, ఆగగలను కాబట్టి. ఇమేజ్ అనే ప్రచురణ సంస్థ తెచ్చే ఒక మిస్టరీని మాత్రం ముట్టుకోలేదు. హంతకుడెవరో నెలంతా ఊహించుకోవడమే దాని రుచి, ఆలస్యమైతే ఎవరో ఒకరు చెప్పేస్తారు.

తీసేయడానికి సమయం చూసుకోవడం కూడా ముఖ్యమే. ఒక కథాభాగం సాధారణంగా ఐదారు సంచికలు నడుస్తుంది, తర్వాత ఆ సంచికలన్నీ కలిపి ఒకే పుస్తకంగా, ట్రేడ్ పేపర్‌బ్యాక్‌గా వస్తాయి. మూడో సంచికకి నచ్చకపోతే అక్కడే ఆపేస్తాను. నాలుగు దాటితే మాత్రం ఆ భాగం పూర్తయ్యేదాకా ఉంటాను. మధ్యలో వదిలేస్తే తర్వాత ట్రేడ్ కొన్నా సగం చదివిందే కదా అని బాధ.

ముద్రణలో కొనేవాళ్లకి ఒక మాట. దుకాణాలు చివరి ఆర్డర్ విడుదలకి సుమారు మూడు నాలుగు వారాల ముందే ఇచ్చేయాలి, మిగిలిన కాపీలను చాలావరకు వెనక్కి పంపలేవు. చిన్న ప్రచురణకర్తల పుస్తకాలను భయపడి ఒకటో రెండో తెప్పిస్తారు. కావాలంటే ఆ గడువులోపే చెప్పిపెట్టుకోండి.

నాలుగో వారం

రెండే వచ్చాయి. రెండూ ఉంచాను.

ఐదో బుధవారం

నెలకి ఐదు బుధవారాలు వచ్చినప్పుడు ఆఖరిది పలచగా ఉంటుంది, ఎక్కువగా యాన్యువల్స్ (ఏడాదికొకసారి వచ్చే ప్రత్యేక సంచికలు), వన్‌షాట్‌లు (ఒక్క సంచికలో ముగిసే కథలు). ఏమీ కొనకుండా పేరుకుపోయినవి చదివాను. వచ్చే నెలకి రెండు స్థానాలు ఖాళీగా ఉన్నాయి. ఒకటి ఒక సైన్స్ ఫిక్షన్ సిరీస్‌కి ఖాయం, నాలుగో సంచిక దాకా చిత్రకారుడు ఒకరే. రెండోదానికి అనుకుంటున్నవాటి ప్రివ్యూ పేజీలు ఇంకా రాలేదు.