చూరుకు గడ్డకట్టిన మంచు, అటకలో దొరికిన కారణం

ఆ ఇంట్లో మాకది రెండో చలికాలం. ఒక రాత్రి పడకగది కిటికీ పైనుంచి గోడ వెంట నీళ్లు కారుతున్నాయి. బయట సున్నాకి 12 డిగ్రీలు కింద ఉంది. వాన లేదు, పైపులేవీ పగల్లేదు. ఇంత చలిలో కప్పు మీది మంచు ఎలా కరుగుతోందో అర్థంకాక టెన్షన్‌తో తెల్లవార్లూ బకెట్లు మార్చాం.

పొద్దున చూస్తే చూరు పొడవునా జానెడు మందాన గడ్డ కట్టి ఉంది. సుత్తి తీసుకుని నిచ్చెన ఎక్కబోతుంటే మా ఆవిడ ఎక్కనివ్వలేదు. కప్పు పనిచేసే పెద్దాయన వచ్చి, ఆమె ఆపడమే మంచిదైందన్నారు. చలికి షింగిల్స్ (కప్పు మీద పరిచే పలుచటి పలకలు) పెళుసుగా ఉంటాయి, ఒక్క దెబ్బకే విరుగుతాయట. ఆయన ఆవిరి పట్టి గడ్డను విడగొట్టారు. మళ్లీ కడితే నీరు పోయే దారి చేయడానికి, పాత మేజోళ్లలో మంచును కరిగించే కాల్షియం క్లోరైడ్ నింపి చూరుకు అడ్డంగా కాకుండా పైనుంచి కిందికి ఉండేలా పెట్టమన్నారు. రాళ్ల ఉప్పు మాత్రం వద్దన్నారు. అది లోహాన్ని తినేస్తుంది, కింద మొక్కలూ చస్తాయి.

వెళ్లే ముందు ఆయన ఒక మాటన్నారు. "బాబూ, ఇది కప్పు జబ్బు కాదు, అటక జబ్బు."

అటక, అంటే గదుల సీలింగ్‌కీ వాలు కప్పుకీ మధ్య ఉన్న ఖాళీ, ఎక్కితే సంగతి తెలిసింది. ఇంట్లోని వెచ్చటి గాలి అక్కడికి చేరి కప్పును లోపలినుంచి వేడి చేస్తోంది. పైన మంచు కరిగి నీరు కిందికి జారుతుంది. చూరు గోడ దాటి బయట ఉంటుంది కాబట్టి అక్కడ వేడి తగలదు, నీరు మళ్లీ గడ్డ కడుతుంది. ఆ గడ్డ చెరువుకట్టలా అడ్డుపడితే వెనక నిలిచిన నీరు షింగిల్స్ కిందికి ఎగదన్నుతుంది.

ఇన్సులేషన్, అంటే వేడి పైకి పోకుండా అటకలో పరిచే దూది, ఇంకొంచెం పరిస్తే సరిపోతుందని మొదట అనుకున్నాను. కానీ ముందు గాలి దారులు మూయాలి, ఎందుకంటే ఆ దూది గాలిని ఆపదు, వడకడుతుంది అంతే. దూది నల్లబడిన చోటల్లా కింద ఒక సందు ఉంది. పైకప్పు మేకుల మొనల మీద తెల్లటి పొడిమంచు పేరుకుంది, అంటే తేమ కూడా పైకి వస్తోందన్నమాట. బాత్రూమ్ ఫ్యాన్ గొట్టం అటకలోనే ఆగిపోయింది! దాన్ని బయటిదాకా తీయించాం. గదిలో నిలబడి సీలింగ్‌లో బిగించిన దీపాల పక్కన అగరుబత్తి పెడితే పొగ సూటిగా పైకి లాక్కుపోయింది. ఆ దీపాలు తీసి గాలి చొరనివి పెట్టించాం. పైపుల చుట్టూ ఫోమ్ కొట్టాను. పొగగొట్టం చుట్టూ మాత్రం ఫోమ్ వాడకూడదు, అది అంటుకుంటుంది. అక్కడ రేకు బిగించి, వేడికి తట్టుకునే సీలెంట్ పూశారు. అటక తలుపుకు రబ్బరు పట్టీ వేశాను.

ఆ తర్వాతే ఉన్న 6 అంగుళాల దూది మీద మరో 10 అంగుళాలు వేయించాం. చూరు కింది గాలి రంధ్రాలు దూదితో మూసుకుపోకుండా ప్రతి వాసాల సందులో ప్లాస్టిక్ కాలువలు పెట్టించాం. బయటి చల్లగాలి చూరు దగ్గర ఎక్కి కొప్పు (కప్పు పైఅంచు) దగ్గర బయటికి పోవాలి. కప్పు చల్లగా ఉంటేనే మేలు.

మరుసటి ఏడు మంచు పడిన మూడో రోజున వీధిలో నిలబడి చూశాను. కప్పంతా ఒకే మందంతో తెల్లగా ఉంది. ముందటి ఏడు అదే సమయానికి కొప్పు దగ్గర నల్లటి మచ్చలు తేలి, చూరుకు మంచు కడ్డీలు వేలాడేవి. పిల్లలు వాటిని చూసి మురిసిపోయేవాళ్లు. అవి రాబోయే నీటికి గుర్తని అప్పుడు మాకెవరికీ తెలియదు.

వంటగది మీద వాలు తక్కువ, అక్కడ మనిషి దూరేంత అటక లేదు. అందుకే మంచు పడిన ప్రతిసారీ నేల మీదే నిలబడి, పొడుగు కర్ర ఉన్న పారతో చూరు నుంచి 4 అడుగుల దాకా లాగేస్తున్నాను. షింగిల్స్ మార్చేటప్పుడు ఆ భాగంలో, గోడ లోపలి అంచు దాటి కనీసం 24 అంగుళాల వరకు, నీరు చొరని రబ్బరు పొర వేయించాలి.