కండలున్నవాడు ఇన్సూరెన్స్ మెడికల్‌కి వెళ్తే – నా అనుభవం

పాలసీ కాగితాలు నిన్న చేతికొచ్చాయి. కోపం చల్లారాక రాస్తే మర్యాదగా రాస్తాను, దానివల్ల ఎవరికీ ఉపయోగం ఉండదు. అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

నాకు 36 ఏళ్ళు. ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, పెళ్ళికి ముందునుంచీ వదలని బాడీబిల్డింగ్. "అన్నీ ఎలా కుదురుతాయి బాబూ" అని అడుగుతుంటారు. అందులో పెద్ద రహస్యమేమీ లేదు. పిల్లలు లేవకముందే జిమ్ అయిపోవాలి. వారానికి నాలుగు రోజులు, గంటకి మించి వద్దు. సెలవురోజున వండి డబ్బాల్లో సర్దుకుంటా. కిలో బరువుకి 1.6 నుంచి 2 గ్రాముల ప్రోటీన్, రాత్రి ఏడు గంటల నిద్ర. ఎవరైనా భోజనానికి పిలిస్తే వాళ్ళు పెట్టిందే తింటా. అక్కడికీ డబ్బా మోసుకెళ్ళి త్రాసు తీసేవాళ్ళని చూస్తే నాకే సిగ్గేస్తుంది.

ఇంట్లో కుదిరింది, ఆఫీసులో కుదిరింది. కుదరనిదల్లా టర్మ్ ఇన్సూరెన్స్ వాళ్ళతోనే.

ఫారం నింపడం చిటికెలో పని. ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 92 కిలోలు అని ఉన్నదున్నట్టు రాశా. వెంటనే మెడికల్ చేయించుకోమని కబురు. వాళ్ళు పంపిన సూచనల్లో ఉన్నది రెండే ముక్కలు: పన్నెండు గంటలు ఏమీ తినొద్దు, మద్యం ముట్టొద్దు. వ్యాయామం గురించి ఒక్క అక్షరం లేదు. ముందురోజు నాకు లెగ్ డే, అంటే కాళ్ళ వ్యాయామం చేసే రోజు. స్క్వాట్లు, లెగ్ ప్రెస్, లంజెస్ అన్నీ పూర్తిచేసి, పొద్దున్నే పరగడుపున కుంటుకుంటూ వెళ్ళా.

మొదటి తమాషా బీపీతో. అక్కడున్న కఫ్, అదే చేతికి చుట్టే పట్టీ, చిన్నపిల్లాడి చొక్కా నాకు తొడిగినట్టుంది. గాలి కొట్టగానే వెల్క్రో టప్పున ఊడొచ్చింది. ఆ అబ్బాయి మళ్ళీ చుట్టి, ఊడిపోకుండా తన చేత్తో అదిమి పట్టుకుని కొట్టాడు. 148/92. "బాబూ, నా చెయ్యి చుట్టుకొలత 41 సెంటీమీటర్లు, పెద్ద కఫ్ లేదా?" అంటే, "అందరికీ ఇదే సార్" అన్నాడు. చేతికి సరిపోని చిన్న కఫ్ కడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందని బీపీ చూసేవాళ్ళందరికీ తెలిసుండాలి. తర్వాత వేరేచోట పెద్ద కఫ్‌తో చూపించుకుంటే 124/78.

ఆ తర్వాత రిపోర్టు వచ్చింది. బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువేనా అని చూసే లెక్క) 31.1, పక్కన "ఒబీస్". కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.48, దాని కింద ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత వడకడుతున్నాయో చెప్పే అంచనా) 62. కాలేయం కోసం చూసే ఎంజైములు ఎస్‌జీఓటీ 78, ఎస్‌జీపీటీ 64. అన్నీ ఎర్ర రంగులో. ఆ కాగితాన్ని బట్టి నేను ఊబకాయుణ్ణి, కిడ్నీ సగం పోయినవాణ్ణి, కాలేయం చెడినవాణ్ణి.

వాళ్ళ డాక్టర్ రమ్మంటే మా ఆవిడతో కలిసి వెళ్ళా. ఆయన నా మొహం చూడలేదు, భుజాలు చూశాడు. కాగితం తిరగేస్తూ, "ఏ ఇంజెక్షన్లు వాడుతున్నారు?" అన్నాడు. వాడుతున్నారా అని కాదు, ఏవి అని. ఏమీ వాడటం లేదండీ అన్నా. "అందరూ అలాగే చెప్తారు" అని నవ్వి, మా ఆవిడ వైపు తిరిగి, "మీకు కూడా చెప్పరమ్మా" అన్నాడు. నేను వేసుకునేది క్రియాటిన్, అది జిమ్‌వాళ్ళు వాడే మామూలు పొడి, స్టెరాయిడ్ కాదు అంటుంటే ఆయన "అదే, అలాంటివే మానెయ్యాలి" అంటూ రాసుకుంటున్నాడు. ఆవిడ అక్కడ ఏమీ అనలేదు. ఇంటికొచ్చి, పిల్లలు పడుకున్నాక, నా జిమ్ బ్యాగు తీసి ఒక్కో జిప్పూ తెరిచి చూసింది. అందులో దొరికింది బెల్టు, రిస్ట్ ర్యాప్‌లు, చాక్‌పొడి పట్టిన టవలు. "నిజంగా ఏం లేదు కదండీ?" అంది. ఇన్నేళ్ళ కాపురంలో నన్ను దొంగని చూసినట్టు చూడటం అదే మొదటిసారి. ఆ డాక్టర్‌ని ఎప్పటికీ క్షమించను.

పోనీ, ఆయన అదే రిపోర్టు రెండో పేజీ తిప్పినా సరిపోయేది. స్టెరాయిడ్లు వాడేవాళ్ళకి, ముఖ్యంగా మాత్రలు మింగేవాళ్ళకి, హెచ్‌డీఎల్, అంటే మంచి కొలెస్ట్రాల్, బాగా పడిపోతుంది. నాది 52. జీజీటీ అనే ఇంకో కాలేయ ఎంజైము 22. కాలేయమే దెబ్బతింటే సాధారణంగా అదీ పెరగాలి. ఎస్‌జీఓటీ కండరంలో కూడా ఉంటుంది, ఎస్‌జీపీటీ కొంత ఉంటుంది. బరువులు గట్టిగా ఎత్తితే రెండూ రక్తంలోకి వస్తాయి, తగ్గడానికి వారం పైనే పట్టొచ్చు. క్రియాటినిన్ పుట్టేదే కండరంలో. కండ ఎక్కువున్నవాడికి అదీ ఎక్కువే. పైగా క్రియాటిన్ పొడి వేసుకుంటే ఇంకాస్త పెరుగుతుంది, ముందురాత్రి మాంసం తిన్నా పెరుగుతుంది. ఇక బీఎంఐ లెక్క కట్టింది కెట్లే అనే బెల్జియం గణాంకవేత్త, 19వ శతాబ్దంలో, జనాభా సగటు కోసం. దానికి ఆ పేరు 1972లో వచ్చింది. కొవ్వేదో కండేదో దానికి తెలీదు. నా నడుము 84 సెంటీమీటర్లు, ఎత్తులో సగం కూడా లేదు. నడుముకి టేపు పెట్టడానికి ఎంతసేపు పడుతుంది?

ఒక్క మాట చెప్పాలి. డాక్టర్లకి ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. ఏడాదిలో బాడీ రావాలని లాకర్ రూముల్లో సూదులు పంచుకునే కుర్రాళ్ళున్నారు. వాళ్ళు గుండె పాడుచేసుకుంటున్నారు, మా పరువూ తీస్తున్నారు. నేను 180 కిలోల డెడ్‌లిఫ్ట్ చేస్తాను, అక్కడికి రావడానికి ఏళ్ళు పట్టింది, గుడ్లూ నిద్రా ఆ క్రియాటిన్ పొడీ తప్ప ఏమీ లేవు.

ఏజెంట్‌కి ఫోన్ చేస్తే ఆయన సలహా: "బరువు 82 అని రాసుంటే ఈ గొడవే ఉండేది కాదు కదా సార్." రేపు నేను పోయాక అబద్ధం రాశాడని క్లెయిమ్ కొట్టేస్తే మా ఆవిడ ఎవరి దగ్గరికెళ్ళాలి, ఈయన దగ్గరికా? ఏజెంట్ మాట వినకండి. ఎవరు చెప్పినా సరే, ఫారంలో నిజమే రాయండి.

చివరికి నా డబ్బుతో నేనే కిడ్నీ డాక్టర్ దగ్గరికి వెళ్ళా. ఆ డాక్టరమ్మ కూర్చోమని చెప్పి అడిగిన మొదటి ప్రశ్న, "చివరిసారి వర్కవుట్ ఎప్పుడు చేశారు?" అప్పుడే సగం భారం దిగింది. కొన్ని వారాలు క్రియాటిన్ ఆపమన్నారు. పరీక్షకి ముందు వారం పైగా జిమ్ వద్దు, ముందురోజు మాంసం వద్దు అన్నారు. సిస్టాటిన్-సి (కిడ్నీ పనితీరుకి ఇంకో రక్తపరీక్ష), సీకే (కండరం దెబ్బతింటే పెరిగే ఎంజైము), మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పరీక్ష కూడా రాశారు. సిస్టాటిన్-సి మీద కండ ప్రభావం చాలా తక్కువ, నాలాంటివాళ్ళకి అది అడిగి మరీ చేయించుకోవాల్సిన పరీక్ష. అలాగని ఎర్ర అంకె కనిపిస్తే కండవల్లేలే అని ఇంట్లో కూర్చోకండి, నిజంగా జబ్బున్నవాళ్ళూ ఉంటారు.

జిమ్ లేని ఆ రోజులు ఎలా గడిచాయో అడగొద్దు, ఇంట్లో అందరిమీదా విసుక్కున్నా.

ఫలితాలు: క్రియాటినిన్ 1.21, సిస్టాటిన్-సి 0.82, దాన్నిబట్టి లెక్కేస్తే ఈజీఎఫ్‌ఆర్ నూటికి పైనే. ఎస్‌జీఓటీ 27, ఎస్‌జీపీటీ 31. సీకే మామూలుగా ఉంది, మూత్రంలో అల్బుమిన్ లేదు. కాగితం మా ఆవిడ చేతికే ఇచ్చా. పూర్తిగా చదివి, "ఆ ఇన్సూరెన్స్ డాక్టర్‌కి కూడా ఒక కాపీ పంపండి" అంది. పంపా. జవాబు లేదు.

కంపెనీ కిడ్నీ, కాలేయం మాట వెనక్కి తీసుకుంది. బీఎంఐ మాత్రం వదల్లేదు. దానికోసం ప్రీమియం కాస్త పెంచే ఇచ్చారు. బరువు తగ్గించుకుని వస్తే ఏడాది తర్వాత మళ్ళీ పరిశీలిస్తారట. వచ్చే ఏడాదికి నేను పెట్టుకున్న లెక్క 94 కిలోలు.