డిజాస్టర్‌లో దాగిన నక్షత్రం

మిత్రులారా, ఆంగ్ల పదాల జాబితాను అక్షరక్రమంలో బట్టీ పట్టి రెండు నెలలు పోగొట్టుకున్నవాణ్ణి నేను. 'డి' దగ్గరికి చేరేసరికి 'ఏ'లో చదివినదంతా తుడిచిపెట్టుకుపోయేది. తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఈ బాధ విడమరిచి చెప్పనక్కర్లేదు. చివరికి ఒక్క మాట నన్ను గట్టెక్కించింది: డిజాస్టర్.

సివిల్స్ మెయిన్స్ మూడో జనరల్ స్టడీస్ పేపరులో విపత్తు నిర్వహణ ఉంది కదా. దానికి నోట్సు రాసుకుంటూ ఈ మాటను విడదీశాను. 'ఆస్టర్' అంటే నక్షత్రమని ఆస్ట్రానమీ పుణ్యమా అని తెలుసు. 'డిస్' అంటే 'లేకపోవడం' అనుకుని, చుక్కలు లేని చీకటి రాత్రి కాబోలని మురిసిపోయాను. తప్పు. ఇక్కడ 'డిస్' అంటే చెడు. ఇటాలియన్ 'డిజాస్ట్రో', దాని ఫ్రెంచి రూపం మీదుగా 16వ శతాబ్దం చివర్లో ఇంగ్లిషులోకి వచ్చిన ఈ మాటకు తొలి అర్థం గ్రహనక్షత్రాల చెడు చూపు. మన అమ్మమ్మలు 'గ్రహపాటు' అనేది దీన్నే! షేక్‌స్పియర్ నాటకం 'కింగ్ లియర్'లో ఎడ్మండ్ అనే పాత్ర, మన కష్టాల నింద సూర్యచంద్రుల మీద, చుక్కల మీద వేస్తామని వెక్కిరిస్తాడు. కష్టాలకు అక్కడ వాడిన మాట ఇదే.

తరువాత చుక్క జారిపోయి కీడు మిగిలింది. 2005 విపత్తు నిర్వహణ చట్టం నిర్వచనం చదవండి. ప్రకృతి వల్లే కాదు, మనుషుల వల్ల, ప్రమాదం వల్ల, నిర్లక్ష్యం వల్ల జరిగేదీ విపత్తే. కాకపోతే అది బాధిత ప్రాంత ప్రజల తట్టుకునే శక్తిని మించి ఉండాలి. 'నిర్లక్ష్యం' కింద రెండు గీతలు గీశాను. 1977 దివిసీమ ఉప్పెన గురించి రాస్తే గాలివానను తిట్టి ఊరుకోకూడదని, ముందస్తు హెచ్చరిక, ఆశ్రయం, జనాన్ని తరలించడం గురించి అడగాలని అప్పుడే తట్టింది. ఇక మన సినిమావాళ్ల నోట, శుక్రవారం విడుదలైన బొమ్మ ఆదివారానికే డిజాస్టర్!

ఆ పేజీలోనే ఆస్టరిస్క్ (చిన్న చుక్క), 1802లో ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్ పేరుపెట్టిన ఆస్టరాయిడ్ (చుక్కలాంటిది), ఆస్ట్రోనాట్ (చుక్కల నావికుడు) రాసుకున్నాను. ఈ నాలుగూ మళ్లీ మరిచిపోలేదు.

ఒక హెచ్చరిక. నమూనా పరీక్షలో 150 పదాల జవాబుకు నలభై పదాలు ఈ వ్యుత్పత్తికే ఖర్చుపెట్టాను. దిద్దినవారు ఆ పేరా అంతా కొట్టేసి, పక్కన 'చట్టం ఎక్కడ?' అని రాశారు. ఇప్పుడు చుక్కలకు ఒక్క వాక్యం, మిగతాదంతా చట్టానికి.